డిజిటల్ టీవీ వచ్చిన రోజులు – మన ఇళ్ళు నేర్చుకున్న పాఠం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. పాఠం ఉర్దూలో చెప్పడం అలవాటు. తెలుగులో ఉపన్యాసం అంటే కొంచెం జంకు. అయినా మన సంచికలో తెలుగు చదివే పిల్లలే ఎక్కువ కాబట్టి తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మాటల్లో తప్పులుంటే మన్నించండి.

నా విషయం టెలివిజన్ అని చెప్పగానే కమిటీలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. “మాస్టారూ, స్కాలర్‌షిప్పుల గురించి చెప్పండి, ఉద్యోగాల గురించి చెప్పండి, టీవీ గురించి ఏముంది చెప్పడానికి?” అన్నారు. నిజమే. కాని కేబుల్ టీవీ పాత పద్ధతి నుంచి డిజిటల్ పద్ధతికి మారిన రోజుల్లో మన కర్నూలు వీధుల్లో ఎన్ని ఇళ్ళు అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నాయో నేను కళ్ళారా చూశాను. అందులో ఒక ఇంటి నష్టానికి నేనూ బాధ్యుణ్ణి. ఆ సంగతి దాచుకోకుండా చెప్పడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

మొదట అసలు మారింది ఏమిటో చెబుతాను. మా చిన్నతనంలో టీవీ అంటే మిద్దె మీద ఏంటెన్నా. గాలికి అది పక్కకు తిరిగితే తెర నిండా చుక్కలే. ఒకడు మిద్దె ఎక్కి తిప్పుతూ ఉంటే, ఒకడు కింద నుంచి “వచ్చింది, వచ్చింది... పోయింది” అని కేకలు వేసేవాడు. తరువాత కేబుల్ వచ్చింది. తీగ నేరుగా టీవీ వెనకాల గుచ్చితే చాలు, చానెళ్ళు వచ్చేవి. ఈ రెండూ పాత పద్ధతులే. దీన్ని అనలాగ్ అంటారు. ఇందులో బొమ్మ, ధ్వని అలలుగా ప్రయాణం చేస్తాయి. దారిలో ఏ అడ్డు తగిలినా ఆ అల చెదురుతుంది, బొమ్మ మసక బారుతుంది.

డిజిటల్ పద్ధతిలో బొమ్మను సున్నా, ఒకటి అనే అంకెలుగా మార్చి పంపుతారు. మా తరగతిలో దీన్ని ఇలా చూపిస్తాను. మొదటి బెంచి పిల్లవాడి చెవిలో ఒక మాట చెప్పి, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ చివరి బెంచికి పంపమంటాను. చివరికి ఆ మాట వంకర తిరిగి వస్తుంది. అది అనలాగ్. తరువాత అదే మాట చీటీ మీద రాసి పంపమంటాను. చీటీ చేరితే మాట ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. చీటీ చిరిగితే అసలు చేరదు. అది డిజిటల్. అందుకే ఇప్పుడు టీవీలో మసక బొమ్మ ఉండదు. వస్తే శుభ్రంగా వస్తుంది, లేకపోతే గళ్ళు గళ్ళుగా ఆగిపోతుంది. ఆ అంకెలను మళ్ళీ బొమ్మగా మార్చేదే మన ఇంటి సెట్ టాప్ బాక్సు. మన వాళ్ళు దాన్ని డబ్బా అంటారు, నేనూ డబ్బా అనే అంటాను.

దీనివల్ల లాభం లేకపోలేదు. పాత పద్ధతిలో ఒక చానెల్ పట్టే చోట డిజిటల్‌లో పది పన్నెండు చానెళ్ళు పడతాయి. బొమ్మ బాగుంటుంది. ఇక ప్రభుత్వానికి, చానెల్ కంపెనీలకు కావలసింది మరొకటి. పాత రోజుల్లో కేబుల్ ఆపరేటరుకు ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో అతనికి తప్ప ఎవరికీ సరిగా తెలియదు. వెయ్యి ఇళ్ళు ఉంటే రెండు వందలు అని చెప్పినా అడిగే దిక్కు లేదు. పన్ను పోయేది, చానెల్‌కు రావలసిన వాటా పోయేది. ఇంటింటికీ నంబరున్న డబ్బా పెడితే లెక్క తేలుతుంది. కాబట్టి ఈ మార్పు మన కోసం మాత్రమే వచ్చింది కాదు, లెక్క కోసం కూడా వచ్చింది. ఈ ఒక్క మాట మనకు ముందే తెలిసి ఉంటే మన లెక్క మనమూ రాసి పెట్టుకునేవాళ్ళం.

2011లో కేబుల్ టెలివిజన్ చట్టాన్ని సవరించి దేశాన్ని నాలుగు దశలుగా విడదీశారు. మొదటి దశలో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై. వాటికి గడువు 2012 జూన్ 30 అన్నారు, తరువాత అక్టోబరు 31కి జరిపారు. రెండవ దశలో 38 నగరాలు, గడువు 2013 మార్చి 31. అందులో మన వైపు నుంచి హైదరాబాదు, విశాఖపట్నం ఉన్నాయి. మూడవ దశలో మిగిలిన పట్టణాలన్నీ, మన కర్నూలుతో సహా. దాని గడువు 2015 డిసెంబరు 31. గడువు దగ్గరపడేసరికి కేబుల్ వారు కొన్ని రాష్ట్రాల్లో కోర్టులకు వెళ్ళారు. చాలా ఊళ్ళలో పని 2016లోకి జరిగింది. నాలుగవ దశలో పల్లెలు, గడువు 2017 మార్చి 31. ఇక దూరదర్శన్ నేల మీది టవర్ల నుంచి పంపే పాత ప్రసారాలను, కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప, 2022 మార్చి ఆఖరు నాటికి నిలిపివేస్తున్నట్టు ప్రసార భారతి 2021 అక్టోబరులో ప్రకటించింది. మా మిద్దె మీది ఏంటెన్నా కథ దాంతో ముగిసింది.

ఇప్పుడు ఒక్కసారి బయటి దేశాల వైపు చూడండి. అక్కడ ఇళ్ళను ఎలా సిద్ధం చేశారో తెలిస్తే మన దగ్గర ఏం లోపించిందో తెలుస్తుంది.

జర్మనీలో బెర్లిన్ నగరం 2003 ఆగస్టులోనే పాత ప్రసారాలు ఆపేసింది. పెద్ద నగరాల్లో ఈ పని మొదట చేసింది అదే. సాంఘిక సహాయం మీద బతికే బీద కుటుంబాలకు డబ్బా విషయంలో ప్రభుత్వ సాయం అందింది.

అమెరికాలో 2008 జనవరి నుంచి ప్రతి ఇంటికీ, అడిగితే, 40 డాలర్ల కూపన్లు రెండు వరకు ఇచ్చారు. ఆ కూపన్ చూపిస్తే డబ్బా ధరలో అంత తగ్గుతుంది. మా ఖాలా కొడుకు షికాగోలో ఉంటాడు. ఆ రోజుల్లో ఫోన్ చేసినప్పుడు “భాయ్, ఇక్కడ టీవీకి కూడా రేషను కూపన్ ఇస్తున్నారు” అని నవ్వాడు. కాని అక్కడా అంతా సవ్యంగా సాగలేదు. కూపన్లకు కేటాయించిన సొమ్ము 2009 జనవరికల్లా అయిపోయి, జనం వరుసలో ఆగవలసి వచ్చింది. అందుకే 2009 ఫిబ్రవరి 17న జరగవలసిన మార్పును జూన్ 12కు వాయిదా వేశారు. సిద్ధం కాని ఇళ్ళు ఉన్నాయని తెలిసి తేదీ మార్చుకున్నారు. అది గమనించాలి.

బ్రిటన్‌లో ఇంకా నిదానంగా చేశారు. 2007లో వైట్‌హేవెన్ అనే చిన్న ఊరితో మొదలుపెట్టి, ప్రాంతం తరువాత ప్రాంతం మారుస్తూ 2012 అక్టోబరు 24కు ముగించారు. 75 ఏళ్ళు దాటినవారికి, చూపు లేనివారికి, వికలాంగులకు వేరే ఒక సహాయ పథకం పెట్టారు. 40 పౌండ్లు కడితే – చాలా బీదవారికి అదీ లేకుండా – మనిషి ఇంటికి వచ్చి డబ్బా బిగించి, ఎలా వాడాలో దగ్గర కూర్చుని చూపించి వెళ్ళేవాడు. ముసలివారికి డబ్బా ఇస్తే సరిపోదు, పక్కన కూర్చుని నేర్పాలి అని వాళ్ళు ముందే గ్రహించారు.

మరి మన దగ్గర? టీవీలో ప్రకటనలు వచ్చాయి. తెర కింద అక్షరాలు పరుగెత్తాయి. గడువు తేదీ చెప్పారు. అంతే. మిగతాది కేబుల్ కుర్రవాడికి, మన అదృష్టానికి వదిలేశారు.

మన వీధుల్లో ఏం జరిగిందో చెబుతాను. మొదట పుకార్లు పుట్టాయి. పాత టీవీలు పనికిరావు, కొత్తవి కొనాలి అన్నారు. 2009 అక్టోబరు వరదలో హంద్రీ, తుంగభద్ర ఏకమై మన ఇళ్ళను ముంచినప్పుడు టీవీతో సహా సామానంతా పోయి, అప్పుచేసి మళ్ళీ కొనుక్కున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ అప్పు తీరిందో లేదో, మళ్ళీ కొత్త టీవీయా అని జనం హడలిపోయారు. నిజానికి పాత డబ్బా టీవీ కూడా పనిచేస్తుంది. వెనకాల పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలుంటే ఆ మూడు రంగుల వైరు చాలు. మరీ పాతదైతే ఏంటెన్నా రంధ్రానికి కలిపే చిన్న పరికరం దొరుకుతుంది. ఈ మాట చెప్పేవారు లేక రెండు మూడు కుటుంబాలు బాగున్న టీవీని పాత సామాను వాడికి అమ్మి, వాయిదాల మీద కొత్తది తెచ్చుకున్నాయి.

రెండవది దరఖాస్తు ఫారం. ప్రతి ఇల్లూ పేరు, చిరునామా, కావలసిన చానెళ్ళు రాసి సంతకం చేసి ఇవ్వాలి. మా వీధికి వచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది. మన పెద్దల్లో చాలామందికి ఉర్దూ వస్తుంది, కొందరికి తెలుగు వస్తుంది, ఇంగ్లీషు ఎవరికి వస్తుంది? కుర్రవాడు చూపించిన చోట వేలిముద్ర వేశారు. ఏం తీసుకున్నారో, ఎంతకు తీసుకున్నారో వారికే తెలియదు.

మూడవది నా కథ. మా వీధి చివర ఒక ఖాలా ఉండేవారు. పేరు చెప్పను. భర్త పోయి చాలా ఏళ్ళు. కుట్టుపని చేసి ఇద్దరు ఆడపిల్లలను చదివించారు. 2016లో డబ్బా బిగించడానికి మనిషి వస్తే ఆమె నన్ను పిలిపించారు. “బేటా, పన్నెండు వందలు అడుగుతున్నాడు, ఇవ్వనా?” అన్నారు. నేను బడికి వెళ్ళే తొందరలో ఉన్నాను. “అందరూ ఇస్తున్నారు ఖాలా, ఇచ్చెయ్యండి” అని సైకిలెక్కి వెళ్ళిపోయాను. ఆ డబ్బు కొనుగోలుకా, అద్దెకా, డిపాజిట్టా అని నేను అడగలేదు. రసీదు ఇమ్మని అనలేదు. నిబంధనల ప్రకారం డబ్బాను పూర్తిగా కొనవచ్చు, వాయిదాల మీద కొనవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు ఇవ్వవలసిందే. నాకు అప్పుడు ఇదేమీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

2018లో ఆమె అద్దె ఇల్లు మారారు. నాలుగు వీధుల అవతల వేరే ఆపరేటరు. అతని తీగకు ఈ డబ్బా పనిచేయదు. ఒక కంపెనీ డబ్బా ఇంకొక కంపెనీ తీగకు మూగది. ఏ డబ్బా అయినా ఏ తీగకైనా పనిచేసేలా ఉండాలని ట్రాయ్ సంస్థ సిఫారసు చేసింది 2020లో. ఆమె పాత ఆపరేటరు దగ్గరకు వెళ్ళి డబ్బా తీసుకుని ఎంతో కొంత తిరిగి ఇమ్మని అడిగారు. “రసీదు ఉందా అమ్మా?” అన్నాడు. లేదు. “అయితే నువ్వు డబ్బు కట్టావని ఏమిటి నమ్మకం?” అన్నాడు. కొత్త చోట మళ్ళీ డబ్బు కట్టవలసి వచ్చింది.

నాకు తెలిసి సిగ్గుతో వెళ్ళాను. ఆ పన్నెండు వందలు నేనిస్తానన్నాను. ఆమె తీసుకోలేదు. చాయ్ ఇచ్చి, “నీ జీతంలో ఎంతమందికి ఇస్తావు బేటా? ఈ గల్లీలో నాలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు” అన్నారు. కోపంగా అనలేదు. కాని ఆ రాత్రి నేను నిజంగానే లెక్కపెట్టాను. మా ఒక్క వీధిలో పదకొండు ఇళ్ళు తేలాయి. పదకొండింటిలో ఒక్క ఇంట్లో కూడా రసీదు లేదు.

సోదరులారా, రసీదు అనే మాట ఉర్దూలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. చదువు రాని మనిషికి కూడా ఆ మాట తెలుసు. అయినా అడగడానికి మనకు మొహమాటం. అడిగితే ఎదుటివాడు ఏమనుకుంటాడో అని వెనకాడతాం. మర్యాద పేరుతో మనం పోగొట్టుకున్నది కొంచెం కాదు.

తరువాత 2019 ఫిబ్రవరిలో రెండవ మార్పు వచ్చింది. ట్రాయ్ కొత్త ధరల పద్ధతి అమలులోకి తెచ్చింది. కనెక్షనుకు నెలకు గరిష్ఠం 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. దానికి 100 చానెళ్ళ వరకు, అందులో దూరదర్శన్ చానెళ్ళు తప్పనిసరి. డబ్బు చానెళ్ళు కావాలంటే ఒక్కొక్కదానికి ధర వేరు. ఎవరికి కావలసినవి వారు ఎంచుకోవాలి. ఎంచుకోని ఇళ్ళకు ఆపరేటరు ఇచ్చిందే ప్యాకేజీ.

ఈసారి మేము ఊరుకోలేదు. మన సంఘం కార్యాలయంలో వారం రోజులు సాయంత్రం పూట ఒక బల్ల వేశాం. పదవ తరగతి పిల్లలు ఎనిమిది మంది కూర్చున్నారు. ముందు రోజు తరగతిలో అదే లెక్క చేయించాను. 130కి 18 శాతం 23 రూపాయల 40 పైసలు, మొత్తం 153 రూపాయల 40 పైసలు. శాతాల పాఠం ఎన్నడూ అర్థం కాని పిల్లవాడికి ఆ రోజు అర్థమైంది. ఎందుకంటే వాళ్ళింట్లో నెలకు మూడు వందల యాభై కడుతున్నారు. నానీకి ఏం కావాలి, అమ్మీకి ఏం కావాలి, చిన్నపిల్లలకు ఏం కావాలి అని అడిగి రాసుకుని, ఎవరూ చూడని చానెళ్ళు కొట్టివేయించారు. కొన్ని ఇళ్ళలో బిల్లు తగ్గింది. కొన్నిటిలో తగ్గలేదు. కాని దేనికి కడుతున్నామో మొదటిసారి తెలిసింది.

ఒక అమ్మాయి ఇంకొక మంచి పని చేసింది. వాళ్ళ నానీకి డబ్బా వచ్చాక రెండు రిమోట్లు అయ్యాయి. ఏది నొక్కాలో తెలియక ఆవిడ టీవీ చూడడమే మానేశారు. ఆ అమ్మాయి ఒక అట్టముక్క మీద చానెల్ బొమ్మ గీసి, పక్కన దాని నంబరు ఉర్దూ అంకెల్లో రాసి గోడకు అంటించింది. డబ్బా రిమోటుకు ఎర్ర రిబ్బను కట్టింది. అంతే. నానీ మళ్ళీ ఉర్దూ వార్తలు వినడం మొదలుపెట్టారు. బ్రిటన్ ప్రభుత్వం మనిషిని పంపి చేయించిన పని మన గల్లీలో పదవ తరగతి పిల్ల పైసా ఖర్చు లేకుండా చేసింది.

ఆ లెక్కలు కూడా నిలవలేదు. 2020లో అదే 130కి 200 చానెళ్ళు అన్నారు. 2024లో ఆ గరిష్ఠ పరిమితే తీసివేశారు. ఇప్పుడు ఇంటర్నెట్ మీద నడిచే టీవీ వచ్చింది. రేపు ఇంకొకటి వస్తుంది. కాబట్టి ఇంటి పెద్దలకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది: డబ్బు ఇచ్చే ముందు “ఇది కొన్నట్టా, అద్దెకా, డిపాజిట్టా?” అని అడగండి. రసీదు తీసుకోండి. డబ్బా అడుగున ఉన్న నంబరు, తేదీ, ఇచ్చిన సొమ్ము ఇంట్లో ఒక నోటుబుక్కులో రాయండి. ఫోన్లో కట్టినా ఆ సందేశం తుడిచివేయవద్దు.

రెండవది: నెలనెలా కట్టడం భారమైన ఇంటికి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో మొదలైంది. చిన్న గొడుగు, డబ్బా ఒకసారి కొనుక్కుంటే నెలసరి చందా లేదు. అన్ని చానెళ్ళూ రావు. కాని పిల్లల చదువు ఖర్చులో నుంచి టీవీకి తీసే ఇంటికి అది చాలు. ఇది తీసుకోవడం చిన్నతనం కాదు.

మూడవది: డబ్బా మీద అల్లిక గుడ్డ కప్పకండి. మన ఆడవాళ్ళకు ఏ వస్తువు మీదైనా గుడ్డ కప్పే అలవాటు. డబ్బాకు గాలి ఆడాలి, వేడెక్కితే చెడిపోతుంది. పాత టీవీ పారవేసేటప్పుడు పిల్లలను పగలగొట్టనివ్వకండి. దాని గాజులో సీసం ఉంటుంది. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవారికే ఇవ్వండి.

నాలుగవది: “మీ డబ్బా రేపు ఆగిపోతుంది, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి” అని ఎవరు ఫోన్ చేసినా ఓటీపీ చెప్పకండి. ఫోన్ పెట్టేసి మీ ఆపరేటరును మీరే అడగండి.

ఇక సంఘానికి ఒక విన్నపం. మనం ఏటా పుస్తకాలు పంచుతాం, పెళ్ళిళ్ళకు సాయం చేస్తాం. దానితోపాటు నెలకు ఒక ఆదివారం ఆ బల్ల మళ్ళీ వేయాలని కోరుతున్నాను. టీవీ ఫారమే కానక్కరలేదు, గ్యాసు కాగితం కావచ్చు, బ్యాంకు కాగితం కావచ్చు. చదివి చెప్పే పిల్లలు మన దగ్గర ఉన్నారు. వారిని కూర్చోబెట్టే పెద్ద ఒకరు కావాలి. నేను కూర్చుంటాను.

ఆ ఖాలా ఇప్పుడు పెద్ద కూతురి దగ్గర నంద్యాలలో ఉంటున్నారు. మొన్న ఫోన్ చేసి, అక్కడ కొత్త కనెక్షను తీసుకున్నామని చెప్పారు. “రసీదు తీసుకున్నారా ఖాలా?” అని అడిగాను. “తీసుకోకుండా మనిషిని గడప దాటనిస్తానా?” అన్నారు.